విశాఖ మొత్తాన్ని కలిపి కొలవండి

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పర్యావరణ ప్రభావ మదింపు సంస్థ అధ్యక్షులకు, సభ్యులకు, నిపుణుల కమిటీ వారికి,

నమస్కారం.

ఏ ఈఐఏ (పర్యావరణ ప్రభావ మదింపు) రిపోర్టు తెరిచినా నాలుగో అధ్యాయంలో ఒక పట్టిక ఉంటుంది. ఇప్పుడు గాలిలో ఉన్న దుమ్ము ఎంత, కొత్త ఫ్యాక్టరీ వల్ల దానికి కలిసేది ఎంత, రెండూ కలిపితే ఎంత, ప్రభుత్వం పెట్టిన పరిమితి ఎంత అని నాలుగు అంకెలు. మూడో అంకె నాలుగో అంకె కంటే తక్కువే ఉంటుంది. పరిమితి దాటుతుందని తేల్చిన పట్టిక విశాఖ రిపోర్టుల్లో ఇంతవరకు నా కంట పడలేదు. దాని కింద ప్రభావం నామమాత్రమేనని ఒక వాక్యం. ఆ వాక్యం గురించే మీకు ఈ లేఖ రాస్తున్నాను.

నేను గాజువాకలో ఉంటాను. ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. ప్రజాభిప్రాయ సేకరణ నోటీసు పేపర్లో పడితే చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు, అపార్ట్‌మెంట్ సంఘాల వాళ్లు రిపోర్టు జిరాక్సులు పట్టుకొచ్చి "మాస్టారూ, ఇందులో ఏముందో కాస్త చూసి చెప్పండి" అంటారు. అలా చదవడం అలవాటైంది. ఫ్యాక్టరీలంటే నాకు పడదని అనుకోకండి. ఉక్కు కోసం ప్రాణాలిచ్చి మరీ ఫ్యాక్టరీ తెచ్చుకున్న ఊరు ఇది. మా వీధిలో సగం ఇళ్లు ఆ జీతాలతో కట్టినవే. నా గొడవ లెక్కతోనే.

లెక్క ఎక్కడ తప్పుతుందో చెప్తాను. ఇరవై నాలుగు గంటల సగటులో పీఎం 10, అంటే పది మైక్రాన్ల లోపు సన్నటి దుమ్ము, ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు దాటకూడదన్నది జాతీయ ప్రమాణం. ఒక చోట ఇప్పుడు 84 ఉందనుకుందాం. కొత్త యూనిట్ వాళ్లు మా చిమ్నీ వల్ల కలిసేది 2 అంటారు. మొత్తం 86, అనుమతి వచ్చేస్తుంది. కొన్ని నెలలకు పక్క సర్వే నంబరులోకి ఇంకొకరు వస్తారు. మొదటి ఫ్యాక్టరీకి ఇంకా శంకుస్థాపనే అయింది కాబట్టి వీళ్ల యంత్రం కొలిచేదీ 84నే. వీళ్లు కలిపేది 3. మొత్తం 87, దీనికీ అనుమతి వస్తుంది. తర్వాత ఎనిమిది మంది వచ్చినా ఎవరికి వారు 84 దగ్గరే మొదలుపెడతారు. అన్ని ఫ్యాక్టరీలూ ఒకేసారి నడిచే రోజున గాలి ఎలా ఉంటుందో ఏ రిపోర్టులోనూ కనిపించదు. ఫస్టియర్ పిల్లాడు ఇలా లెక్క చేసి చూపిస్తే నేను మార్కులు వేసేవాణ్ని కాదు.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన లోపమేమీ కాదు. 2006 సెప్టెంబరు 14 నాటి ఈఐఏ నోటిఫికేషన్‌తో పాటు వచ్చిన ఫారం-1లోనే, తొమ్మిదో భాగంలో, ఈ ప్రశ్న ఉంది: చుట్టుపక్కల ఇప్పటికే ఉన్న, రాబోయే ప్రాజెక్టులతో కలిస్తే మీ ప్రాజెక్టు ప్రభావం ఎలా ఉంటుంది అని. "రాబోయే" అన్న మాట కూడా అందులో ఉంది. నేను చూసిన ఫారాల్లో దానికి ఎదురుగా చాలాసార్లు "లేదు" అనో, "వర్తించదు" అనో రాసి ఉంది. చట్టం అడిగిన ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు రాసేస్తే, దాన్ని వెనక్కి పంపే అధికారం మీ చేతుల్లో ఉంది.

గాలి బాగా ఆడే ఊళ్లో అయితే ఈ తప్పు కొంత కప్పుకుపోతుందేమో. విశాఖలో కప్పుకుపోదు. ఉత్తరాన సింహాచలం వైపు కైలాస కొండలు, దక్షిణాన యారాడ కొండ, మధ్యలో పల్లం. మీ ఫైళ్లలో కూడా దీన్ని బౌల్ ఏరియా అనే రాస్తారు. 1933లో తెరిచిన పోర్టు, రిఫైనరీ, ఎరువుల ఫ్యాక్టరీ ఈ పల్లంలోనే ఉన్నాయి. వాటికి ఆనుకుని మల్కాపురం, శ్రీహరిపురం, జ్ఞానాపురం, కంచరపాలెం. చలికాలం రాత్రిళ్లు నేల దగ్గరి గాలి చల్లబడి కదలదు. పైన వెచ్చటి పొర కుండకు మూత పెట్టినట్టు కూర్చుంటుంది. తెల్లారి డాబా గోడ మీద చేయి పెడితే వన్‌టౌన్‌లో ఎవరికీ పీఎం 10 అంటే ఏమిటో వివరించక్కర్లేదు, అరచేతికి నల్లగా అంటుకుంటుంది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో కాలుష్యం అతి తీవ్రంగా ఉన్న 43 పారిశ్రామిక ప్రాంతాల జాబితా తయారుచేస్తే అందులో విశాఖ ఉంది. ఆ ప్రాంతాల్లో కొత్త ప్రాజెక్టుల పరిశీలనను 2010 జనవరి నుంచి కొంతకాలం ఆపారు కూడా. తర్వాత ఆ నిలుపుదల ఎత్తేశారు. కొండలు మాత్రం అక్కడే ఉన్నాయి.

ఇలాంటి ఊళ్లో గాలిని ఎప్పుడు కొలిచామన్నది ఎంత కొలిచామన్నదానికంటే ముఖ్యం. నిబంధన ప్రకారం వానాకాలం కాకుండా ఏదో ఒక సీజన్‌లో, అంటే మూడు నెలలు, కొలిస్తే సరిపోతుంది. మార్చి నుంచి మే దాకా ఇక్కడ సముద్రపు గాలి గట్టిగా వీస్తుంది, దుమ్మును చెదరగొడుతుంది. డిసెంబరు, జనవరిల్లో కథ వేరు. ఏ మూడు నెలలు కావాలో ప్రాజెక్టు వాళ్లే ఎంచుకునేటప్పుడు, చలికాలాన్ని కావాలని ఎంచుకునేవాళ్లు ఎంతమంది ఉంటారు? వాళ్లను తప్పుపట్టడం లేదు. ఎంచుకునే వెసులుబాటు ఇచ్చిన మనదే తప్పు.

సముద్రం దగ్గర ఈ మూడు నెలల పద్ధతి ఇంకా వింతగా తయారవుతుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్ల వేట నిషేధం. ఎండాకాలం సీజన్ అని మార్చిలో మొదలుపెట్టి మేలో ముగిస్తే, ఆ మూడు నెలల్లో సగం రోజులు ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు లంగరేసి ఉంటాయి. ఆ రోజుల్లో తీరానికి వచ్చిన చేపల్ని లెక్కపెట్టి "ఇక్కడ మత్స్య సంపద తక్కువ" అని రాస్తే కాగితం మీద అబద్ధమేమీ ఉండదు. పెద్ద జాలారిపేటలో ఎవరినడిగినా మాత్రం నవ్వుతారు. ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరంలో ఎక్కువగా జనవరి నుంచి ఏప్రిల్ మధ్య గుడ్లు పెట్టడానికి వస్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా సర్వే చేసిన వాళ్లకు ఇసుకలో ఒక్క గూడు కూడా కనిపించకపోవచ్చు. ఇక అధ్యయనం చేయాల్సిన పరిధి ప్రాజెక్టు చుట్టూ పది కిలోమీటర్లు అంటారు. తీరం మీద ప్రాజెక్టు పెడితే ఆ వృత్తంలో దాదాపు సగం సముద్రమే. ఆ సగంలో జనాభా సున్నా, పంటలు సున్నా, ఇళ్లు సున్నా. అక్కడ తరతరాలుగా వలలు వేసే చోట్లు ఉన్నాయని, వాటికి జాలరుల దగ్గర పేర్లు, గుర్తులు ఉన్నాయని మ్యాపు గీసినవాళ్లకు తెలియదు.

ఏమి కొలుస్తారన్నది ఇంకో సంగతి. 2009 నాటి జాతీయ గాలి ప్రమాణాల్లో 12 కాలుష్యకాలు ఉన్నాయి. గంధకం, నత్రజని ఆక్సైడ్లు, దుమ్ము, ఓజోన్, అమ్మోనియా, బెంజీన్ వగైరా. రిపోర్టులు సాధారణంగా వీటి చుట్టూనే తిరుగుతాయి. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి లీకై పన్నెండు మంది ప్రాణాలు తీసిన స్టైరీన్ ఆ పన్నెండింటిలో లేదు. కెమిస్ట్రీ చెప్పినవాణ్ని కాబట్టి ఒక ముక్క చెప్పనివ్వండి. స్టైరీన్ ఆవిరి గాలికంటే మూడు రెట్లకు పైగా బరువు. గాలి కదలని వేళ అది పైకి పోదు, నేలను పట్టుకుని పల్లం వైపు పారుతుంది. ఆ రాత్రి జనం పరిగెత్తి పరిగెత్తి రోడ్ల మీద, కాలవల పక్కన పడిపోవడం మనందరం టీవీల్లో చూశాం. ఆ ఫ్యాక్టరీ 1961 నుంచి ఉంది. ఊరు తర్వాత దాని గోడల దాకా పెరిగింది. ఎల్జీ పాలిమర్స్ తన ఉత్పత్తికి సరిపడా పర్యావరణ అనుమతి లేదని 2019లో, విస్తరణ దరఖాస్తుతో పాటు ఇచ్చిన అఫిడవిట్‌లో, తానే రాసిచ్చింది. అంటే ప్రమాదానికి ఏడాది ముందే ఆ కాగితం ప్రభుత్వ కార్యాలయంలో ఉంది. ఈ ఒక్క విషయం మీద మీ సంస్థ ఎన్ని సమావేశాలు పెట్టుకున్నా తక్కువే అని నా అభిప్రాయం.

ప్రమాద అంచనా రాసే ఏడో అధ్యాయంలోనూ ఇదే జబ్బు. ప్రతి కంపెనీ తన ట్యాంకు తన ప్రహరీలో పగిలితే ఏమవుతుందో మాత్రమే చూపిస్తుంది. పక్క ప్రహరీలో మంట లేస్తే తన ట్యాంకు ఏమవుతుందో చూపించదు. 1997 సెప్టెంబరు 14న రిఫైనరీలో గ్యాస్ మంటలు ఒక ట్యాంకు నుంచి ఇంకో ట్యాంకుకు ఎలా పాకాయో చూసిన ఊరు మనది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు కరెంటు, ఫోన్లు, రోడ్లు అన్నీ ఒకేసారి పోయాయి. ట్యాంకుల్ని చల్లగా ఉంచాల్సిన రసాయనాలున్న చోట నాలుగు రోజులు కరెంటు లేకపోతే ఏమి చేస్తారన్న ప్రశ్న విశాఖలో ఏ ప్రాజెక్టుకైనా మొదట అడగాల్సింది.

ఇంతకీ నేను కోరేది ఒకటే. విశాఖకు, అంటే ఈ పల్లానికీ, భీమిలి నుంచి రాంబిల్లి దాకా తీరానికీ, ఏడాది పొడవునా కొలిచే ఒకే ఉమ్మడి బేస్‌లైన్, అంటే ఇప్పుడున్న పరిస్థితి లెక్క, తయారుచేయించండి. గాలి, భూగర్భ జలాలు, తీరపు నీళ్లు, చేపలు, అన్నీ. అనుమతి ఇచ్చి ఇంకా కట్టని ప్రతి ప్రాజెక్టు నుంచీ రాబోయే పొగ, నీరు, రసాయనాల లెక్క కూడా అందులోనే చేరాలి. కొత్తగా వచ్చే ఏ కంపెనీ అయినా తన 2 లేదా 3 ఈ ఉమ్మడి లెక్క మీద కలిపి చూపించాలి. అప్పుడు ఎవరూ 84 దగ్గర మొదలుపెట్టలేరు.

ఇది అసాధ్యమేమీ కాదు. ఈ పనికి దేశంలో ఇంత సరంజామా ఉన్న నగరాలు తక్కువ. ఆంధ్రా యూనివర్సిటీలో వాతావరణ శాస్త్రం, సముద్ర శాస్త్రం చెప్పే విభాగాలు ఉన్నాయి. జాతీయ సముద్ర అధ్యయన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఇక్కడే ఉంది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ కేంద్రం ఉంది, ఏ రకం చేప ఏ నెలలో ఎంత దిగుతుందో చూడటమే వాళ్ల పని. తుపాను హెచ్చరిక కేంద్రం ఉంది. ఇన్ని ఉండగా ఎక్కడో హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ఉన్న కన్సల్టెంటు మూడు నెలలు యంత్రాలు పెట్టి మన సముద్రం గురించి మనకు చెప్పడం ఏమిటి? ఖర్చు ఎవరు పెట్టుకోవాలంటే, ప్రాజెక్టు వాళ్లు ఇప్పుడు కన్సల్టెంట్లకు ఇచ్చే డబ్బులో కొంత ఉమ్మడి నిధికి కట్టాలి. చివరికి వాళ్లకూ సమయం మిగులుతుంది.

కన్సల్టెంటుకు డబ్బు కంపెనీ ఇస్తోంది కాబట్టే రిపోర్టులు ఇలా ఉన్నాయని చాలామంది అంటారు. నిజమే, కానీ నా దృష్టిలో అది రెండో సమస్య. మొదటి సమస్య, ముడి లెక్కలు ఎవరికీ కనిపించకపోవడం. ఏ రోజు, ఏ డాబా మీద, ఏ యంత్రం, ఎంత చూపించింది అన్నది రోజువారీగా బయటపెడితే ఎవరు డబ్బిచ్చినా దొంగ లెక్క దాగదు. సగటులు మాత్రమే ఇస్తే దాగుతుంది. మహారాష్ట్రలోని రత్నగిరిలో ఒక బాక్సైట్ గనికి ఇచ్చిన రిపోర్టు రష్యాలోని గని రిపోర్టును చూసి రాసినదని పట్టుబడింది. కొంకణ్ తీరంలో బిర్చ్ చెట్ల అడవి ఉన్నట్టు అందులో రాశారు. శ్రద్ధగా చదివినవాళ్లే దాన్ని పట్టుకున్నారు. మా ఉత్తరాంధ్రలో సోంపేట బీల ఉంది. ఏటా నీళ్లు నిలిచే నేల అది, దాని మీద వేలమందికి బతుకు. ఆ నేల ఏమిటో కాగితాల్లో సరిగా రాసి ఉంటే 2010 జూలై 14న అక్కడ థర్మల్ విద్యుత్ ప్రాజెక్టు మీద గొడవ కాల్పుల దాకా వెళ్లేది కాదు. అదే రోజున జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ థర్మల్ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. కొన్ని నెలల ముందు చేసి ఉంటే ఎంత బాగుండేది!

మీ పరిధి దాటినవీ ఉన్నాయని తెలుసు. పెద్ద ప్రాజెక్టులు నేరుగా ఢిల్లీకి వెళ్తాయి. చట్టంలోనే ఉన్న మినహాయింపులు మీరు మార్చలేరు. అయినా వాటి గురించి ఢిల్లీకి గట్టిగా రాయాల్సింది మీరే. పారిశ్రామిక పార్కు మొత్తానికి ఒకసారి అనుమతి వస్తే, లోపల పెట్టే యూనిట్లకు మళ్లీ ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదన్నది ఒక మినహాయింపు. పరవాడ ఫార్మా సిటీ, అచ్యుతాపురం లాంటి చోట్ల ఇది ఎంత పెద్ద తలుపో ఆలోచించండి. పార్కుకు అనుమతి ఇచ్చిన నాడు లోపల ఏ రసాయనం వస్తుందో ఎవరికీ పూర్తిగా తెలియదు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో ఒక ఫార్మా యూనిట్‌లో పేలుడు జరిగి 17 మంది చనిపోయారు. ఆ యూనిట్‌కు అనుమతులు ఉన్నాయా లేవా అన్న చర్చలోకి నేను వెళ్లడం లేదు. పక్క ఊరి వాళ్లకు లోపల ఏముందో ముందే చెప్పాల్సిన అవసరం ఏ దశలోనూ రాకుండా ఒక సెజ్ నిండిపోవచ్చు, అదీ నా బాధ.

రెండో మినహాయింపు ఇప్పుడు మన గుమ్మంలో ఉంది. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లు పెట్టి ఏఐ హబ్, అందులో భారీ డేటా సెంటర్ కడతానని ప్రకటించింది. తర్లువాడ వైపు భూముల ధరలు ఎలా కదిలాయో ఇక్కడ టీ కొట్టు దగ్గర కూడా మాట్లాడుకుంటున్నారు. కరెంటు వాడకం గిగావాట్ (వెయ్యి మెగావాట్ల) స్థాయి అంటున్నారు. పరవాడ సింహాద్రి విద్యుత్ కేంద్రం మొత్తం సామర్థ్యం 2000 మెగావాట్లు, అందులో సగం అన్నమాట. ఇంత పెద్ద వాడకందారు వస్తుంటే చట్టం దాన్ని ఎక్కడ చూస్తుందో తెలుసా? 2006 నోటిఫికేషన్ షెడ్యూలులో డేటా సెంటర్ అన్న పద్దే లేదు. అందుకే భవన నిర్మాణాల కింద, అంటే షాపింగ్ మాల్, అపార్ట్‌మెంట్ల వరుసలో చూస్తారు. భవనాలకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు. మెషీన్లు చల్లబరచడానికి నీళ్లు ఎక్కడివి, ఏలేరు కాలవ నుంచా, రైవాడ నుంచా, తాటిపూడి నుంచా, లేక శుద్ధి చేసిన మురుగు నీళ్లా? కరెంటు పోతే నడిచే డీజిల్ జనరేటర్లు ఎన్ని? ఆ కరెంటు కోసం ఎక్కడెక్కడ బొగ్గు అదనంగా కాలుతుంది? ఎండాకాలం ట్యాంకర్ల కోసం క్యూ కట్టే కాలనీలున్న నగరంలో ఈ ప్రశ్నలు అడగడానికి మాకు ఒక సభ కూడా లేదు. ప్రాజెక్టు రావాలనుకునేవాళ్లలో నేనూ ఒకణ్ని. నీళ్ల లెక్క ముందే తేలితే తర్వాత గొడవలు ఉండవు. చట్టం తప్పనిసరి చేయకపోయినా ఇలాంటి వాటికి అదనపు అధ్యయనాలు అడగడాన్ని ఏ చట్టమూ ఆపదు కదా.

ఇక ప్రజాభిప్రాయ సేకరణ సభలు. రూల్స్ చదివితే బాగానే ఉంటాయి. ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. కలెక్టరు గానీ, అదనపు కలెక్టరు స్థాయికి తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహించాలి. అంతా వీడియో తీయాలి. చివర్లో మాట్లాడిన విషయాలన్నీ తెలుగులో చదివి వినిపించాలి. జరిగే తీరు వేరు. తీరంలో ఒక ఊళ్లో ఒక కంపెనీ కోసం పెట్టిన సభకు నేనూ వెళ్లాను. మామూలు పని రోజు, ఉదయం పదకొండు గంటలకు. ఆ వేళకు మగవాళ్లు వేట నుంచి అప్పుడే వచ్చి వలలు సర్దుకుంటుంటారు, ఆడవాళ్లు చేపల గంపలతో సంతల్లో, వీధుల్లో ఉంటారు. వచ్చినవాళ్లలో చాలామంది బస్సుల్లో వచ్చిన బయటివాళ్లే. టెంటు ముందు మూడు వరుసల బారికేడ్లు. లోపలికి వెళ్లాలంటే ఆధార్ చూపించాలన్నారు. ఒక పెద్దావిడ మైకు దగ్గరికొచ్చి "మా ఊరి బోర్లలో నీళ్లు ఇప్పటికే ఉప్పగా ఉన్నాయి, మీరు ఇంకా తోడితే ఏమవుతుంది బాబూ?" అని అడిగింది. ఫైనల్ రిపోర్టు వచ్చాక చూస్తే ఆమె ప్రశ్నకు ఎదురుగా, కంపెనీ అన్ని పర్యావరణ నిబంధనలూ పాటిస్తుంది అని ఉంది. మీరే చెప్పండి, అది సమాధానమా?

గోవా గని కేసులో 2009లో ఢిల్లీ హైకోర్టు నిపుణుల కమిటీ అభ్యంతరాలను పరిశీలించినట్టు కారణాలతో సహా కనిపించాలని స్పష్టంగా చెప్పింది. కాబట్టి ఆమె ప్రశ్నకు కంపెనీ రాసిన వాక్యాన్ని మీ కమిటీ ఒప్పుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టానికి వదిలేసిన విషయం కాదు. ఆ ఊరి బోర్ల లోతు ఎంత, ఉప్పు ఎంత, తోడబోయే నీళ్లు ఎంత, ఏ అంకె దాటితే తోడకం ఆపేస్తారు అన్నది మీ మినిట్స్‌లో రావాలి. తెలుగులో రావాలి. ఇప్పుడు తెలుగులో ఇవ్వాల్సింది సారాంశం మాత్రమే, అసలు రిపోర్టు వందల పేజీల ఇంగ్లిష్. పట్టికలన్నీ, బావుల పరీక్షలన్నీ, ప్రమాద పటాలన్నీ అక్కడే. మా ఊళ్లో పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన సర్పంచులు చాలామందే ఉన్నారు, తెలివిలో ఎవరికీ తీసిపోరు. 2020లో కేంద్రం కొత్త ఈఐఏ ముసాయిదా తెచ్చినప్పుడు దాన్నే రాజ్యాంగంలోని భాషలన్నింట్లోకి తర్జుమా చేయమని ఢిల్లీ హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఆ ముసాయిదా సభ నోటీసును ముప్పై నుంచి ఇరవై రోజులకు తగ్గించాలని చూసింది కూడా. కనీసం మూడో, నాలుగో, ఏడో అధ్యాయాలు పూర్తిగా తెలుగులో ఇవ్వమని మీరు రిపోర్టు తయారీకి ముందే రాసిచ్చే అధ్యయన షరతుల్లోనే పెట్టవచ్చు. సభ పెట్టే వేళ కూడా ఊరివాళ్లను అడిగి పెట్టమని కాలుష్య నియంత్రణ మండలికి చెప్పవచ్చు. వేట నిషేధం రోజులైతే జాలరి గ్రామాల్లో చాలామంది ఊళ్లోనే ఉంటారు, సాయంత్రం నాలుగు తర్వాత పెడితే ఆడవాళ్లూ వస్తారు.

మీ మీద ఒత్తిడి లేదని అనను. 2022 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ అనుమతులు ఎంత తొందరగా ఇస్తే అన్ని స్టార్లు అన్నట్టు రాష్ట్ర సంస్థలకు రేటింగ్ పథకం తెచ్చింది. సినిమాలకు, హోటళ్లకు స్టార్లు విన్నాం గానీ, అడ్డుకోవాల్సినవాడు ఎంత తొందరగా పక్కకు జరిగాడో చూసి స్టార్లు ఇవ్వడం కొత్త. ముందు కట్టేసి తర్వాత అనుమతి తెచ్చుకునే పద్ధతిని సుప్రీంకోర్టు 2025 మే 16న కొట్టేసింది. అదే ఏడాది నవంబరు 18న ఇద్దరు న్యాయమూర్తులు అటు, ఒకరు ఇటు అయి ఆ తీర్పును వెనక్కి తీసుకుంది. పైన ఇలా ఊగుతుంటే కింద జిల్లాలో కంపెనీలు ఏమనుకుంటాయో ఊహించడం కష్టం కాదు. అందుకే రాష్ట్ర సంస్థ మాట గట్టిగా ఉండాల్సిన అవసరం ఇప్పుడే ఎక్కువ.

అనుమతి ఇచ్చాక సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోరు, నిజానికి అక్కడే ఎక్కువ నష్టం జరుగుతుంది. ప్రతి కంపెనీ ఏటా జూన్ 1కి, డిసెంబరు 1కి షరతుల అమలు నివేదిక ఇవ్వాలి. అవి బహిరంగ పత్రాలు. నేను వాటిని వెతుక్కుని చదువుతుంటాను. 33 శాతం స్థలంలో పచ్చదనం పెంచాలన్న షరతుకు ఎదురుగా, ఒక కంపెనీ నివేదికల్లో వరుసగా "పని జరుగుతోంది" అనే ఉంది. ఎన్ని మొక్కలు, ఏ జాతి, హుద్‌హుద్ తర్వాత ఎన్ని బతికాయి అన్న అంకె లేదు. అసలు మొదట వేసిన అంచనాకు, పదేళ్ల తర్వాత నిజంగా జరిగినదానికీ ఎంత తేడా ఉందో ఎవరూ సరిపోల్చి చూడరు. మీ కమిటీ ఒక పని చేయాలి. గడిచిన పదేళ్లలో విశాఖ, అనకాపల్లి జిల్లాల్లో అనుమతి పొంది ఇప్పుడు నడుస్తున్న ప్రాజెక్టుల్లో కొన్నింటిని లాటరీ తీసి, ఆనాటి నాలుగో అధ్యాయం పట్టికను ఈనాటి గాలితో, ఈనాటి బోరునీళ్లతో పక్కపక్కన పెట్టి చూడాలి. ఏ కన్సల్టెంటు లెక్క నిజమైందో, ఎవరిది ఎప్పుడూ తప్పుతోందో దాంతో తేలిపోతుంది. ఏ గుర్తింపు సర్టిఫికెట్టూ చెప్పలేనిది ఆ పోలిక చెప్తుంది.

అనుమతి నచ్చకపోతే మాకు ఉన్న దారి జాతీయ హరిత ట్రిబ్యునల్. ముప్పై రోజుల్లో అప్పీలు చేసుకోవాలి, సరైన కారణం చూపిస్తే ఇంకో అరవై రోజులు. మన బెంచి చెన్నైలో ఉంది. జాలరి గ్రామానికి అనుమతి కాగితం చేరేసరికి ఆ ముప్పైలో ఎన్ని రోజులు మిగులుతున్నాయో మీరు ఒకసారి పంచాయతీ ఆఫీసుల్లో వాకబు చేయించండి. అనుమతి ఇచ్చిన రోజే తెలుగులో దాని షరతులు పంచాయతీకి, వార్డు సచివాలయానికి వాట్సాప్‌లో పంపడానికి పైసా ఖర్చు లేదు.

వచ్చే సమావేశంలో విశాఖ నుంచి ఏ ప్రాజెక్టు అధ్యయన షరతులు మీ ముందుకు వచ్చినా మూడు మాటలు అందులో చేర్చమని కోరుతున్నాను. చలికాలం తప్పకుండా ఉండేలా రెండు సీజన్ల కొలతలు. అనుమతి పొంది ఇంకా మొదలుకాని ప్రాజెక్టులతో కలిపి వేసిన గాలి, నీటి లెక్క. రోజువారీ ముడి అంకెలు దరఖాస్తుతో పాటే పోర్టల్‌లో. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు, షరతులు రాసే పెన్ను మీ దగ్గరే ఉంది. ఉమ్మడి బేస్‌లైన్ సంగతి మాత్రం ఒక్క రోజులో తేలదని తెలుసు. దాని కోసం యూనివర్సిటీ వాళ్లను, మత్స్య పరిశోధన కేంద్రం వాళ్లను, తుపాను కేంద్రం వాళ్లను, జాలరి సంఘాలను ఒక చోట కూర్చోబెట్టండి. పిలిస్తే ఊరి తరఫున మేమూ వస్తాం, డాబాల మీద యంత్రాలు పెట్టుకోవడానికి ఇళ్లు ఇస్తాం. మీ సమావేశాల మినిట్స్ పోర్టల్‌లో వస్తాయి కాబట్టి జవాబు అక్కడే చూసుకుంటాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్,
గాజువాక, విశాఖపట్నం